వర్జ్యమని వదిలేసిన గిటారు

వలతాళ్లకు కోసుకుపోయిన నా వేళ్లు స్టీలు తీగలకు ఓర్చుకోవు. అందుకే నైలాన్ తీగల గిటారు కొందామని, వాయించడం తెలిసిన బావమరిది శీనుతో ఈ రోజు రాజమండ్రి వెళ్లాను. షాపులో అలాంటిది ఒక్కటే ఉంది. శీను చాలాసేపు వాయించి చూశాడు. మెత్తగా పలికింది. నాకు నచ్చింది.

"ఇప్పుడు వర్జ్యం బావా. రేపు పొద్దున్నే వచ్చి తీసుకుందువుగాని," అన్నాడు. సరేనని బస్సెక్కాను. వాడు ఏదో పనుందని ఆగిపోయాడు.

సాయంత్రం వాళ్లింటి ముందు నుంచి వస్తుంటే గిటారు వినిపించింది. లోపలికి వెళ్లి చూస్తే, అదే గిటారు వాడి ఒళ్లో ఉంది.

"వర్జ్యమన్నావు కదరా?"

"నాలుగింటికే వెళ్లిపోయింది బావా. కూర్చో, టీ తాగుదువుగాని."

తాగకుండా వచ్చేశాను. వాడితో మాటలు మానేయడానికి మంచి ముహూర్తం ఎప్పుడుందో, పంచాంగం చూడటం వచ్చినవాళ్లు చెప్పండి.