అక్క చైనీసు నేర్చుకున్న వేసవి

మా తోడికోడలికి మతి పోయిందని ఫ్యాక్టరీలో అందరూ చెవులు కొరుక్కున్నారు. మొగుడు పోయిన దుఃఖం ఇంకా ఆరనే లేదు, బడికెళ్ళే కూతురున్న మనిషి, పుస్తకాల సంచీ తగిలించుకుని చైనీసు క్లాసులకు బయల్దేరింది మరి. అందరి నోళ్ళూ మూయించడం నా వల్ల కాలేదు గానీ ఒకదాన్ని మాత్రం క్యాంటీన్లో నలుగురి ముందూ కడిగేశాను. "నీ మొగుడు ఎట్లా పోయాడో నీకు తెలియకపోతే నువ్వేం చేస్తావే?" అని అడిగాను.

ఆమెను నేను అక్కా అంటాను. ఆమె భర్త, మా బావగారు, ప్లాస్టిక్ బకెట్లు పోసే పెద్ద మిషను మీద పనిచేసేవారు. నేను అదే ఫ్యాక్టరీలో ప్యాకింగు. ఒకరోజు మధ్యాహ్నం అచ్చులో ఇరుక్కున్న బకెట్టు తీయబోయి ఆయన లోపలికి వంగారు. అచ్చు మూసుకుంది. పరుగెత్తుకెళ్ళి చూశాను. అంతకంటే చెప్పలేను.

ఆ సమయంలో దగ్గరున్నది చైనా ఇంజినీరు ఒక్కడే. మిషన్లు అమ్మిన కంపెనీ పంపిన మనిషి, ఏడాదిగా ఇక్కడే ఉంటున్నాడు. విచారణ రోజున అక్క అతన్ని ఒకటే అడిగింది, మా ఆయన ఎట్లా పోయారని. అడిగి చెప్పడానికి మధ్యన ఓ దుబాసీ, అతనేమో మేనేజరుగారి బావమరిది. ఇంజినీరు చాలాసేపు మాట్లాడాడు. చేతులు తిప్పాడు, కళ్ళు తుడుచుకున్నాడు. అంతా విని దుబాసీ, "జాగ్రత్తగా లేడంటున్నాడమ్మా" అన్నాడు.

"అంతసేపు ఏడ్చి చెప్పింది ఈ ఒక్క ముక్కేనా?" అంది అక్క.

"అంతేనమ్మా. వాళ్ళ భాషే అంత సాగదీత."

సాగదీతట! వాడి నాలుక పడిపోను. ఆ తర్వాత బావగారు తాగొచ్చి మిషన్లో పడ్డారని పుకారు లేచింది. చుక్క ముట్టని మనిషి ఆయన. పాప బడి నుంచి ఏడుస్తూ వచ్చి, "నాన్న తాగాడా అమ్మా?" అని అడిగింది. అత్తయ్య అన్నం ముందు కూర్చుని, "తప్పు నా కొడుకుదేనంటావా?" అని కోడలినే అడిగేది. ఇద్దరికీ చెప్పడానికి అక్క దగ్గర ఏమీ లేదు. ఇంజినీరు నోటి నుంచే వినాలని పంతం పట్టింది.

ఆ కోర్సు మామూలుది కాదు. వేసవి రెండు నెలలూ హాస్టల్లోనే మకాం. సెల్‌ఫోన్లు తీసేసుకున్నారు. గేటు లోపల అడుగు పెట్టాక చైనీసు తప్ప మరో ముక్క నోట రాకూడదు. ఆకలేసినా, తలనొప్పి వచ్చినా అదే భాషలో ఏడవాలి. సొంత భాషలో మాట్లాడుతూ దొరికితే ఇంటికి పంపేస్తామని మొదటి రోజే సంతకాలు చేయించుకున్నారు. తోటివాళ్ళంతా వ్యాపారాలు చేసుకోబోయే కుర్రకారు. ఆ భాషలో ఒకే శబ్దాన్ని నాలుగు రకాలుగా పలికితే నాలుగు అర్థాలట. దిగి మళ్ళీ లేచే మూడో రకం అక్క గొంతులో పలికేది కాదట. స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో గొంతు బొంగురుపోయేదాకా సాధన చేసేదట.

ఆదివారాలు వార్డెను గదిలోంచి ఫోను చేసేది. అక్కడా అదే నియమం. అక్క చైనీసులో ఏదో చెప్పేది, ఇటు నుంచి పాప, "అమ్మా, మామూలుగా మాట్లాడవా" అని వెక్కివెక్కి ఏడ్చేది. ఒకసారి నాకు ఒళ్ళు మండి ఫోను లాక్కున్నాను. "చాల్లే నీ చదువు! పిల్ల బెంగతో సగమైంది, వచ్చెయ్" అని అరిచాను. అవతల నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

కోర్సు ముగించుకుని వచ్చిన మర్నాడే ఇద్దరం ఇంజినీరు గదికి వెళ్ళాం. ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డు, మడత మంచం, కిటికీకి ఆరేసిన రెండు చొక్కాలు. అక్క గడప దగ్గరే నిలబడి అతని భాషలో అడిగేసింది. అతను తుళ్ళిపడ్డాడు. ఉన్న ఒక్క కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, తను నేల మీద కూలబడి చెప్పడం మొదలుపెట్టాడు. అక్క మధ్యమధ్య చేయెత్తి ఆపేది, మళ్ళీ చెప్పమనేది. నేను గోడకు ఆనుకుని ఇద్దరి ముఖాలూ చూస్తూ నిలబడ్డాను.

చివరికి అక్క నా వైపు తిరిగింది.

"ముందే చెప్పాడటే. మిషను ఆగినట్టు కనపడుతుంది గానీ కరెంటు ఉంది, వెనక సరిచేస్తున్నా, చెయ్యి పెట్టొద్దు అన్నాడట. రెండుసార్లు చెప్పాడట."

"మరి బావగారు?"

"నవ్వి తలూపారట. ఇదంతా విచారణలోనూ చెప్పాడట. ఆ దుబాసీ మింగేశాడు."

ఆ తలూపడం ఏమిటో నాకు తెలుసు. ఇంజినీరు వచ్చిన కొత్తలో సూపర్‌వైజరు మా అందరినీ వరసగా నిలబెట్టి, "ఆయన ఏమన్నా సరే నవ్వి తలూపండి. అర్థం కాలేదన్నారో, ఈ మనుషులు పనికిరారని పైకి రాసేస్తాడు, మీ బతుకులు వీధిన పడతాయి" అన్నాడు. అప్పట్నుంచీ అతను చేత్తో చూపించిన పని చేశాం, నోటితో చెప్పినదానికల్లా తలూపాం.

ఇంజినీరు ఇంకేదో అడిగాడు. అర్థమయ్యాక కూడా చెయ్యెందుకు పెట్టాడని అట. అక్క మాటల కోసం తడుముకుంది. ఆ కోర్సులో నేర్పినవి టిక్కెట్లు కొనడం, బేరాలాడటం, ఎండా వానా గురించి కబుర్లు. వాటిలోంచే ఏరుకుని చెప్పిందట: ఆయనకు అర్థం కాలేదు, మాలో ఎవరికీ ఎప్పుడూ అర్థం కాలేదు, తలూపమన్నారు, ఊపాం.

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. లేచి చెప్పులు కూడా వేసుకోకుండా మిషన్లున్న హాల్లోకి నడిచాడు. మేమూ వెనకే వెళ్ళాం. బావగారి మిషను మీద ఇప్పుడు కొత్తగా చేరిన మనిషి ఉన్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఇంజినీరు అతని ఎదుట నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఏదో ఒక్క మాట చెప్పాడు. అతను నవ్వి తలూపాడు.

"ఏమన్నాడు?" అని అడిగింది అక్క.

"ఏమోనమ్మా. ఏదో అంటుంటాడు."

"ఇందులో తల పెడితే చచ్చిపోతావన్నాడు."

ఆ మనిషికి మాట ఇంకా తలకెక్కలేదు, నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. అక్క ఆ ముఖం వంకే చూస్తూ నా చెయ్యి పట్టుకుంది.

"ఇట్లాగే నవ్వుంటారే మీ బావగారు" అంది.