నవాహో సిపాయి, ఫిలిపినో వంటవాడు, మా మేనత్త

మా మేనత్త పోయింది. మొన్న ఆదివారం పొద్దున మిర్యాలగూడ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి, "అమ్మ ఇగ లేదు" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. ఏడ్చాను. కాసేపటికి నవ్వు కూడా వచ్చింది. తొంభై దాటిన మనిషి, ఆఖరి వారంలో కూడా సూది వెయ్యడానికొచ్చిన కుర్ర నర్సుకు చెయ్యి ఎట్లా పట్టుకోవాలో నేర్పి మరీ పోయిందట. నాకు ఆమె మేనత్త, దవాఖానలో నా పై నర్సు కూడా. ఇంట్లోనూ డ్యూటీలోనూ తిట్లు తిన్నదాన్ని కనుక ఆమె గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అత్త కలకత్తాలో సిపాయిల దవాఖానలో పనిచేసింది. అక్కడ పక్కపక్క మంచాల మీద ఇద్దరు రోగులు ఉండేవారట. ఒకడు అమెరికా సిపాయి, అక్కడి ఆదివాసుల్లో నవాహో జాతివాడు. రెండోవాడు ఓడలో వంట చేసే ఫిలిప్పీన్స్ మనిషి. ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు. జ్వరం ఎక్కితే మాత్రం ఎవరి భాషలోకి వాళ్లు వెళ్లిపోయేవారు. నవాహో సిపాయి "తో" అనేవాడు, వంటవాడు "తూబిగ్" అనేవాడు. రెండూ నీళ్లే. "జ్వరమొచ్చినోనికి అమ్మ నేర్పిన మాటే నోట్లకొస్తది. అది మనకు తెల్వకుంటే మనమేం నర్సులం?" అనేది అత్త.

ఆ రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టి చూడడం ఆమెకు సరదా. ఫిలిపినో భాషది తలుపు బార్లా తీసిపెట్టే ఇల్లట. స్పెయిన్ వాళ్లు ఏలినన్నాళ్లూ వాళ్ల మాటలు తీసుకుని, సబ్బును సాబోన్ అని, చొక్కాను కమీసా అని సొంతం చేసుకుంది. మన సబ్బూ మన కమీజూ అంత దూరం ఎట్లా పోయాయని ఆమె ముక్కున వేలేసుకునేది. నవాహో అట్లా కాదు. కొత్త వస్తువు వస్తే అది చేసే పని చూసి తనే పేరు పెడుతుంది. వాళ్లకు విమానం ఎగిరే బండి, యుద్ధ ట్యాంకు పాకే బండి. ఇందులో ఏది గొప్పదత్తా అని అడిగితే, "అడిగి తెచ్చుకున్నా, ఇంట్ల వండుకున్నా కడుపు నిండాలె కోడలా" అనేది. ఆ సరదా ఒక తండాను బతికించింది. అది చెప్పకపోతే నేను రాసేదంతా దండగ.

పోలీసు చర్య జరిగిన మరుసటేడు మఠంపల్లి వైపు కృష్ణ ఒడ్డు ఊళ్లలో గత్తర లేచింది. ఇప్పుడు కలరా అంటున్నామే, అదే. పొద్దున తిరిగిన మనిషి సాయంత్రానికి లేడు. సూర్యాపేట దవాఖాన నుంచి మమ్మల్నిద్దరినీ కోదాడ అవతల ఒక లంబాడి తండాకు పంపారు. వాళ్లు తాగే వాగుకు ఎగువనున్న ఊళ్లోకి జబ్బు అప్పటికే వచ్చేసింది. ఇవాళో రేపో తండాలోకీ దిగుతుంది. అయినా ఒక్కరూ సూదికి ఒప్పుకోవడం లేదు. మాకంటే ముందు సూదులు పట్టుకుని వెళ్లినవాళ్లను చూసి తండాకు తండా గుట్టెక్కిందట.

మేము వెళ్లేసరికి ఒక ముసలమ్మ మాత్రం గుడిసె ముందు జొన్నలు చెరుగుతోంది. మందుల పెట్టె చూసి, పొమ్మని చెయ్యి ఊపింది. అత్త పెట్టె తెరవలేదు. ఆమె పక్కన చతికిలబడి, మోచేతి నుంచి భుజం దాకా ఉన్న తెల్ల గాజులు చూపించి, వీటిని మీ మాటలో ఏమంటారని అడిగింది. ముసలమ్మ చెప్పింది. అత్త తప్పు పలికింది. ముసలమ్మ దిద్దింది. నేర్పడం మొదలుపెట్టిన మనిషి మాట్లాడకుండా ఉండలేదు గదా, అసలు సంగతి అప్పుడు బయటపడింది.

"మొగడు పోతెనే ఇవి తీస్తం. మొన్నొచ్చినోళ్లు సూదికి అడ్డమున్నయి, తీయుండ్రి అన్నరు. మొగడు బతికుండంగ ఎట్ల తీస్తమమ్మా?" అంది.

నా ఒళ్లు మండిపోయింది. పుస్తెలు తెంపమన్నట్టే గదా అది. అత్తేమో నన్ను వెనక్కి తిప్పి, రవిక కాస్త జరిపి, భుజం వెనక సూది దింపేసింది. "సూసినవా అవ్వా, గాజు జోలికే పోలే" అంది. నేను కుయ్యోమన్నాను. గుట్ట మీద రాళ్ల చాటు నుంచి నవ్వులు వినిపించాయి.

ఒక్కొక్కరే దిగొచ్చారు. అత్త వాళ్లకు సిపాయి కథ, వంటవాడి కథ చెప్పింది. మరి ఈ సూదిమందును మీరేమంటారు, వంటవాడిలాగా మా మాటే తీసుకుంటారా, సిపాయిలాగా సొంతంగా పేరు పెడతారా అని అడిగింది. ఇంకేముంది, తండా రెండు జట్లయింది. పడుచువాళ్లు సూది అంటే చాలన్నారు. మగవాళ్లు ఏవేవో పేర్లు చెప్పి తన్నులాడుకున్నారు. చివరికి ముసలమ్మ తన భాషలో ఏదో అనగానే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మాకు తెలుగులో చెప్పింది: "కుడతది గని సంపదు. ఇది తేలు చెల్లెలు." అంటూనే ముసుగు జరిపి అత్తకు వీపు చూపింది. "పేరు పెట్టింది నేను. ముందుగాల నాకే కుట్టాలె."

చంటిపిల్లలతో సహా అందరికీ వేశాం. నీళ్లు కాచి తాగమంటే దానికీ విన్నారు. ఆ ఏడు గత్తర వాగు పొడుగునా తిరిగింది గానీ ఆ తండాలో ఒక్క ప్రాణం తీసుకోలేకపోయింది. నేనెన్ని దవాఖానల్లో పనిచేసినా అంతటి గెలుపు మళ్లీ చూడలేదు.

ఆ రోజు మేము పెట్టె సర్దుకుంటుంటే ముసలమ్మ ఒక బండ ఎక్కింది. వాగు అవతలి గుట్ట మీద ఇంకో తండా ఉంది, అక్కడా సూది వద్దన్నవాళ్లే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తన భాషలో గట్టిగా కేకేసింది. అందులో మాకు తెలిసింది తేలు చెల్లెలు పేరొక్కటే. కాసేపటికి ఆ గుట్ట వాలు మీద ఒక ఆడమనిషి కనబడింది, ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక బారుగా అందరూ, భుజం మీది ముసుగు పక్కకు జరుపుకుంటూ, చేతుల నిండా గాజులతో ఎండలో దిగొస్తున్నారు.