నోట్లో చింతపిక్క

మా నాన్న తుపాకిలో మందు పోసేటప్పుడు నోట్లో చింతపిక్క పెట్టుకునేవాడు. ఈ మాట చెబితే మా బడిలో తోటి టీచర్లు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ చింతపండు పిసుకుతుంటే పిక్క వేలికి తగిలితే చాలు, గిన్నె పక్కకి నెట్టి చెయ్యి కడిగేసుకుంటాను.

మాది సాలూరు దాటాక కొండల కింద ఊరు. మెట్టలో మొక్కజొన్న వేసేవాళ్లం. కండెలు పాలు పోసుకునే వేళకి అడవిపందులు దిగేవి. ఒక్క మంద చాలు, ఒక్క పూటలో ఏడాది కష్టమంతా మట్టిపాలు. అందుకే తాత కాలం నుంచి మా ఇంట్లో పంట కాపలాకి లైసెన్సు తుపాకి ఉండేది. తూటాలు పెట్టే రకం కాదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, పీచు కుక్కి, సీసపు రవ్వలు వేసి చువ్వతో దట్టించాలి. ఎన్నికలొస్తే దాన్ని స్టేషన్లో అప్పగించి, అయ్యాక తెచ్చుకునేవాడు నాన్న. అది ఇంట్లో లేని రోజుల్లో ఆయనకి అన్నం సహించేది కాదు. పందుల భయం అనుకునేదాన్ని. కాదు, ఆ పని మీద మోజు.

మందు ఎంచుకోవడంలో ఆయన పెట్టే పేచీలకి విజయనగరంలో దుకాణాయన తల పట్టుకునేవాడట. చిటికెడు తీసి అరచేతిలో రాసి చూడాలి. ముద్ద కట్టినట్టుంటే చెమ్మ పట్టిందని పక్కన పెట్టేసేవాడు. పిండిలా మెత్తగా ఉన్నా వద్దనేవాడు. నూకలా గరగరలాడితేనే ఆయనకి నచ్చేది. మా అమ్మ బియ్యం కూడా అంత చూసి కొనేది కాదు. కొలతకి తాత చేసిన వెదురు గొట్టం ఒకటుండేది, వాడివాడి నున్నబడిపోయింది. దాన్ని నింపి, పైన తాటాకు ముక్కతో సమంగా గీసి, తుపాకిలోకి ఒంపేవాడు. ఆ ఒక్క కొలతే, ఒక్కసారే. రెండోసారి పడితే తుపాకి చేతిలోనే పేలిపోతుంది.

పోశానా లేదా అని అనుమానం వస్తే చువ్వ దించి చూడొచ్చు. కానీ తాత అంతకంటే గట్టి ఏర్పాటు నేర్పి వెళ్లాడు. వెదురు గొట్టం చేతిలోకి తీసుకోగానే చింతపిక్క నోట్లో వేసుకోవాలి. మందు పోసిన మరుక్షణం ఉమ్మేయాలి. నోట్లో పిక్క ఉందంటే మందు పోయలేదని అర్థం. లేదంటే పోసేశాడని. పిక్క ఉన్నంతసేపూ ఆయన మాట్లాడడు, మేమూ మాట్లాడకూడదు. పెళ్లి పిలుపుకొచ్చిన మా మావ కూడా ఒకసారి శుభలేఖ పట్టుకుని గుమ్మం బయటే నిలబడిపోయాడు.

"మీ నాన్న పిక్క ఉమ్మినాక పిలవే, అప్పుడొస్తాను" అన్నాడు నాతో గుసగుసగా.

నాన్నకి ఇంకో మోజు మద్దెల. శనివారం భజనలో ఆయన ఎడమ చేతి దెబ్బ వింటే చాలు, వాయిస్తున్నది ఎవరో పక్క వీధిలోంచే చెప్పొచ్చు.

ఆ రోజు సాయంత్రం ఇంకా ఎండ ఉంది. టీచరు ఉద్యోగాల లిస్టు ఫోన్లో తెరిచాను. నా నంబరు ఉంది. మూడోసారి రాసిన పరీక్ష అది. వంటింట్లోకి పరిగెత్తి బెల్లం ముక్క పట్టుకుని బయటికొచ్చాను. నాన్న అరుగు మీద కూర్చుని, మోకాళ్ల మధ్య తుపాకి నిలబెట్టుకుని, వెదురు గొట్టం ఒంపుతున్నాడు. నల్లటి మందు జారి లోపలికి పోవడం నా కళ్లతో నేను చూశాను. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఇంతకాలం దాచింది చాలు.

ఒంపడం అయింది. ఉమ్మడానికి ఆయన తల పక్కకి తిప్పుతుండగానే అరిచాను.

"నానా! ఉజ్జోగం వచ్చీసినాది!"

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. నేను ఆగానా? గడ్డం పట్టుకుని బెల్లం నోటి దాకా తీసుకెళ్లాను. శుభవార్త చెబుతున్న పిల్ల ముందు ఉమ్మడం బాగోదనుకున్నాడో ఏమో, పిక్కని వేలితో తీసి అరచేతిలో పెట్టుకుని బెల్లం తిన్నాడు.

"ఏటీ, నిజిమే? మళ్లీ సెప్పు."

మళ్లీ చెప్పాను.

"ఇంకోపాలి సెప్పే."

ఇంకోసారి చెప్పాను. ఫోన్ తీసుకుని, నా నంబరు మీద వేలు పెట్టి ఒక్కో అంకే పైకి చదివాడు. నాయనమ్మ పోయినప్పుడు కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. నా జన్మలో నేనంత సంతోషంగా ఎప్పుడూ లేను, ఇక ఉండను కూడా.

కళ్లు తుడుచుకుని పనిలోకి తిరిగాడు. అరచేతిలో పిక్క కనబడింది. అలవాటుగా నోట్లో వేసుకున్నాడు. పిక్క నోట్లో ఉంది కాబట్టి మందు ఇంకా పోయలేదు. ఆయన లెక్క అది. నలభై ఏళ్లలో ఒక్కసారీ తప్పని లెక్క. డబ్బా మూత తీస్తుంటే గుమ్మంలోంచి చూశాను. పోసేశాడు కదా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. పిక్క ఉండగా మాట్లాడకూడదు కాబట్టి ఊరుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. చేతిలో ఫోన్ మోగింది. నాతో పరీక్ష రాసిన స్నేహితురాలు. మాట్లాడుకుంటూ లోపలికి వెళ్లిపోయాను.

పొద్దు గూకకముందే చేలో తుపాకి పేలింది. ఎప్పుడూ వినే మోత కాదది. అమ్మ చేతిలో చేట పడేసి పరిగెత్తింది. తుపాకి గొట్టం నిలువునా చీలిపోయింది. విజయనగరం ఆసుపత్రిలో ఆయన ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర తీసేశారు.

మర్నాడు ఎస్సై వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు. మందు ఎవరు పోశారు, పక్కన ఎవరున్నారు అని అడిగాడు. నేను నాన్న కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను.

"నానొక్కడినే ఉన్నాను బాబూ. ఎవుల్తోనూ మాటాడ్నేదు. మతిమరుపుతో రెండుపాలులు పోసీసినాను" అన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ నా వైపు చూడలేదు.

అప్పుడర్థమైంది, ఆయనకి తెలుసని. ఆసుపత్రి మంచం మీద పడుకుని ఆ సాయంత్రాన్ని గింజ గింజా వెనక్కి కొలుచుకుని ఉంటాడు.

మద్దెల పక్క ఊరి వాళ్లకి ఇచ్చేశాడు. భజనకి మాత్రం వెళ్లేవాడు. కుడి చేత్తో మోకాలి మీద తాళం వేసుకుంటూ చివర్లో కూర్చునేవాడు. అమ్మ ఆయన్ని చివరిదాకా క్షమించలేదు. చొక్కా గుండీలు పెడుతూ, పంచె బిగించి కడుతూ, దెప్పుతూనే ఉండేది.

"నోట్లో పిక్క ఉన్నాది గదా, ఎలాగ మరిసిపోనావు? అంత ఒళ్లు తెలీకుండా ఏటి సేస్తన్నావు?"

"వయసైపోనాదే" అని నవ్వేవాడు. అప్పటికి ఆయనకింకా అరవై నిండలేదు.

కిందటి వేసవిలో సెలవులకి వెళ్లాను. అమ్మ వరండాలో చింతపండు పిక్కలు తీస్తూ మళ్లీ అదే పాట అందుకుంది. నాకు భరించడం చేతకాలేదు. అమ్మ నీళ్లకి లేచి వెళ్లగానే నాన్న పక్కన కూర్చున్నాను.

"నానా, ఆ రోజు నాను సూసినాను. నువ్వు..."

నాన్న నా మొహంలోకి చూశాడు. చేటలోంచి ఒక పిక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

నోరు మూసుకున్నాను. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు, దానంతటదే మూసుకుపోయింది. అమ్మ బిందెతో తిరిగొచ్చి మళ్లీ ఆ పాటే అందుకుంది. ఆయన ఉమ్మలేదు.

మొన్న మాఘంలో పోయాడు. పదో రోజున చుట్టాలంతా వాకిట్లో కూర్చుని ఆయన మంచితనం చెప్పుకుంటున్నారు. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని అంది.

"అంత కొలతైన మడిసి. ఒక్కపాలి మతి తప్పి, సేజేతులా సెయ్యి పోగొట్టుకున్నాడు. ఏటే, అవునా?"

అందరూ నా వైపు తిరిగారు.

"అవునమ్మా" అన్నాను.