కుడివైపు గుండె దర్జీ బాబాయి

దర్జీ బాబాయికి ఒకటే పిచ్చి. ఆసుపత్రికి కొత్త డాక్టరు వచ్చారని తెలిస్తే చాలు, కుట్టుమిషను ఆపేసి, లేని దగ్గు తెచ్చుకుని, అందరికంటే ముందు వెళ్లి కూర్చుంటాడు.

ఎందుకంటే ఆయన గుండె కుడివైపు ఉంది. గుండె ఒక్కటేనా, లోపలి సామానంతా అటుది ఇటు, ఇటుది అటు. పుట్టుకే అంత. ఆ సంగతి మాత్రం చచ్చినా ముందుగా చెప్పడు.

కొత్త డాక్టరమ్మ కూడా మొదటిరోజే దొరికిపోయింది. ఎడమవైపు స్టెతస్కోపు పెట్టింది. చప్పుడు సరిగ్గా లేదు. గొట్టం దులిపింది. చెవుల్లో సర్దుకుంది. నర్సు దగ్గర ఇంకోటి అడిగి తీసుకుంది. చెమటలు పట్టాయి.

"ఏమండీ, మీకు కళ్లు తిరుగుతున్నాయా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. మీకే తిరుగుతున్నట్టున్నాయి. కూర్చోండమ్మా!"

అరగంట అలా ఏడిపించి, అప్పుడు "కాస్త ఇటు వెతకండి" అని కుడివైపు చూపించాడు. వరండాలో జనం గొల్లుమన్నారు. డాక్టరమ్మకు తల కొట్టేసినట్టయింది. పెద్దమనిషి చెయ్యాల్సిన పనేనా ఇది అని వారం రోజులు పళ్లు నూరింది.

నెల తిరక్కుండా ఓ తండ్రి ఎనిమిదేళ్ల కూతురిని ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. జ్వరం, పొట్టలో ఎడమవైపు కింద నొప్పి.

"గ్యాస్ మాత్రలు వేస్తున్నామమ్మా, తగ్గట్లేదు."

అపెండిక్సు అనుకుందామంటే అది ఉండేది కుడివైపు. డాక్టరమ్మ అరుగుదల మందు రాయబోయి, దర్జీ బాబాయి దొంగదగ్గు గుర్తొచ్చి ఆగింది. స్టెతస్కోపు పిల్ల ఛాతీకి కుడివైపు పెట్టింది. గుండె అక్కడే టకటకా కొట్టుకుంటోంది! స్కానింగులో అపెండిక్సు ఎడమవైపే తేలింది, ఇహనో ఇప్పుడో పగిలేలా ఉంది. సర్జను గారితో కలిసి గంటలో ఆపరేషను చేసేసింది. పిల్ల దక్కింది.

డాక్టరమ్మ నేరుగా దర్జీ కొట్టుకు వెళ్లి పిల్ల సంగతంతా చెప్పింది. "నన్ను ఏడిపించింది ఇందుకేనా?"

"చిన్నప్పుడు నాకూ గ్యాసే అన్నారమ్మా. చచ్చి బతికాను. నోటితో చెబితే విని ఊరుకుంటారు. చెమటలు పట్టిస్తే జన్మలో మర్చిపోరు."

ఆమెకు ఆయన్ని తిట్టాలనీ అనిపించింది, దండం పెట్టాలనీ అనిపించింది.

మర్నాడు కట్టు మార్చే వేళకు బాబాయి వార్డుకు వచ్చాడు. పిల్ల ముఖం ముడుచుకుని ఉంది.

"తాతా, నాకు లోపలన్నీ తిరగబడ్డాయంట."

"ఎవరన్నారు? మనిద్దరం సరిగ్గానే ఉన్నాం. మిగతావాళ్లకే తారుమారయ్యాయి, పాపం. వాళ్లకు చెప్పకు, బాధపడతారు."

పిల్ల పకపకా నవ్వి, "అమ్మో, కుట్లు!" అని పొట్ట పట్టుకుంది.

బాబాయి కళ్లజోడు సవరించుకుని, వంగి, ఆ కుట్లు పరీక్షగా చూశాడు. తర్వాత మెల్లగా డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"ప్రాణం నిలబెట్టారు, మీ చేతులు చల్లగుండ. కుట్టు మాత్రం వంకర పోయిందమ్మా. ఈసారి నాకు కబురు పెట్టండి."