పిన్‌బాల్ మిషన్‌లో లేని గుండు

1989లో నాకు జగిత్యాల బస్టాండు దగ్గర రేడియో, టీవీ రిపేరు దుకాణం ఉండేది. నక్సలైట్ అన్నల గురించి, పోలీసుల గురించి జనం గొంతు తగ్గించి మాట్లాడుకునే రోజులవి. బస్సును ఎక్కడ ఆపి సంచులు వెతుకుతారో తెలిసేది కాదు.

ఆ ఎండాకాలం కోరుట్ల నుంచి మల్లేశం వచ్చాడు. దుబాయి నుంచి తిరిగొచ్చి కూల్‌డ్రింకుల దుకాణం పెట్టుకున్నవాడు. సిరిసిల్లలో ఒక పాత పిన్‌బాల్ మిషన్ అమ్మకానికి ఉందట. నాణెం వేసి, ఇనుప గోళీని వాలుబల్ల మీద కొట్టి ఆడే ఆట అది.

"అన్నా, దాని లోపలి సంగతి నాకు తెల్వది. నువ్వు చూసి కొనుమంటె కొంట, వద్దంటె ఇడిసిపెడ్త" అన్నాడు.

మిషన్ మరమగ్గాల షెడ్డును ఆనుకున్న గదిలో ఉంది. దాన్ని బొంబాయి నుంచి తెచ్చిన యజమాని భివండిలో ఉంటున్నాడు. షెడ్డు నడిపేది ఆయన భార్య లక్ష్మి. ఆ రోజు మగ్గాలకు సెలవు. అద్దం తీసి చూశాను. గోళీని తన్నే సోలినాయిడ్లు, అంటే కరెంటు తగలగానే కడ్డీని లాగే తీగచుట్టలు, బాగానే ఉన్నాయి. టిల్ట్ మాత్రం లేదు. ఆడేవాడు బల్లను ఊపి మోసం చేయకుండా ఒక రింగు మధ్య గుండు వేలాడుతుంది. అది ఊగి రింగుకు తగిలితే ఆట ఆగిపోతుంది. దాన్ని ఎవరో విప్పి, పొట్లం కట్టి మిషన్ పెట్టె అడుగున పెట్టారు.

లక్ష్మి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమెకేం తెలుస్తుందిలే అనుకున్నాను. "ఇది తీస్కపోయి చూస్త" అంటే తలూపింది. బయటికొచ్చాక మల్లేశంతో, "ఏదో లోపం దాస్తున్రు తమ్మి, వద్దు. ఈ పొట్లం చూస్తె అదేందో తెలుస్తది" అన్నాను.

తిరిగొస్తుంటే రుద్రంగి దాటాక పోలీసులు బస్సు ఆపారు. నా సంచిలోంచి గుండు, రింగు, తీగలు బయటపడగానే ఇద్దరినీ దింపి ఠాణాకు తీసుకెళ్లారు.

"కదిల్తె తగిలేటట్టు చేసిన్రు. బాంబుకు పెట్టేది కాదా ఇది?" అన్నాడు ఎస్సై.

ఆట మిషన్‌ది అని చెప్పాను.

"ఆటదైతే మిషన్ల ఉండాలె. ఎవలు విప్పిన్రు, ఎందుకు విప్పిన్రు?"

పెట్టె అడుగున దొరికిందని మాత్రమే చెప్పగలిగాను. లక్ష్మిని అడిగి ఉంటే కదా తెలిసేది! ఆ కాలంలో ఠాణాకు పోయినవాళ్లు తిరిగొస్తారన్న నమ్మకం ఎవరికీ ఉండేది కాదు.

సిరిసిల్లకు వైర్‌లెస్‌లో కబురు వెళ్లింది. లక్ష్మి అక్కడి కానిస్టేబుల్‌కు జవాబు చెప్పి ఊరుకున్నా సరిపోయేది. కానీ మరునాడు మొదటి బస్సుకే ఠాణాకు వచ్చింది.

"నేనే విప్పిన సారు" అంది. "మగ్గాలు నడుస్తుంటె గోడలు, బండలు అదురుతయి. ఆ గుండు దానంతటదే ఊగి ఆట ఆగిపోతుండె. ఆడేటోళ్లు లొల్లి పెడ్తుంటె తీసి పొట్లం కట్టిన. కొన్నోళ్లకు ఇయ్యాలె గదా."

ఎస్సై గుండు వేలాడేటట్టు రింగును బల్ల అంచుకు ఆనించి పట్టుకుని, పిడికిలితో బల్ల మీద గుద్దాడు. గుండు ఊగి టక్కుమని తగిలింది. ఇంకోసారి గుద్ది చూశాడు. తర్వాత మా పేర్లు రాసుకుని పంపేశాడు.

బయటికొచ్చాక, "నిన్న నిన్ను అడగకపోతి, లక్ష్మక్కా" అన్నాను.

"అడిగితె చెప్తుంటి. నువ్వు నా దిక్కు చూడనే లేదు" అంది.

ముందు నేనన్న మాట కాదని మల్లేశం మిషన్ కొన్నాడు. గుండు నేనే బిగించాను. మగ్గాల అదురు లేని కోరుట్లలో అది ఒక్కసారి కూడా దానంతటదే ఆగలేదు.

ఆ తర్వాత రిపేరుకు ఎక్కడికి పోయినా స్క్రూడ్రైవర్ తీసేముందు, ఆ వస్తువు పక్కన రోజూ మెలిగే మనిషెవరో చూసి ముందు వాళ్లనే అడుగుతూ వచ్చాను. ఎక్కువసార్లు, గుమ్మంలో నిలబడి ఉండేది వాళ్లే.