నన్నెందుకు పిలవలేదంటే

ఈ సాయంత్రం కూరగాయల సంచీతో లిఫ్ట్ ఎక్కబోతుంటే, మా కింది అంతస్తు కవిత పట్టుచీరలో ఎదురైంది. శ్రావణ శుక్రవారం తాంబూలానికి వచ్చినవాళ్లను గేటు దాకా సాగనంపి వస్తోంది. మా యాప్రాల్ అపార్ట్‌మెంట్‌లో దాదాపు అందరినీ పిలిచింది, నన్ను తప్ప. నన్ను చూసి కాస్త ఇబ్బంది పడింది. నేను ఇయర్‌ఫోన్లు తీశాను.

"మీరు ఎప్పుడు చూసినా మీటింగుల మాట్లాడుతనే ఉంటరు మేడం. డిస్టర్బ్ ఎందుకని పిలవలే. తప్పుగ అనుకోకుర్రి."

"మీటింగ్ కాదండీ. వ్యాపారం, టెక్నాలజీ, మనుషుల మధ్య అనుబంధం, వీటి మీద మేధావుల సంభాషణలు వింటుంటాను."

"అచ్ఛా! మరి మీరు సుత మాట్లాడుతరు గద వాళ్లతోని?"

"మాట్లాడతాను. వాళ్లకు వినిపించదు."

"అయ్యో," అంది. ఎగతాళి కాదు, నిజంగానే జాలిపడింది.

ఆమెను తప్పుపట్టలేను. చెవిలోని పాడ్‌కాస్ట్‌లో ఎవరో పెద్దాయన పక్కింటివాళ్లను పలకరించడం గురించి చెబుతుంటే, "నిజమే సార్" అని పైకే అంటూ నడిచే మనిషిని ఎవరు మాత్రం పలకరిస్తారు? పైగా అందరినీ అక్కా, వదినా అనే కవితకు నేనొక్కదాన్నే మేడం. ఆ దూరం ఆమె పెట్టిందా, నేను పెట్టుకున్నానా, తెలియడం లేదు.

ఇద్దరం లిఫ్ట్ ఎక్కాం. తన అంతస్తు రాగానే ఆమె దిగిపోయింది. "వచ్చే శుక్రవారం నన్నూ పిలవండి" అన్న మాట, లిఫ్ట్ తలుపులు మూసుకున్నాక గానీ నా నోటికి రాలేదు. పైకే అన్నాను, అలవాటు కదా.

మెట్లు దిగి వెళ్లి చెప్పనా? మీరైతే ఏం చేస్తారు?