ఒక్క శాంపిల్ మిగిలి ఉండగా

గురువారం పొద్దున్న ల్యాబ్ తాళం తీస్తుండగా ఫోన్ మోగింది. మాస్టారు నిద్రలోనే పోయారని వాళ్ళ తమ్ముడు చెప్పారు. నేను "అలాగేనండీ" అన్నాను. ఆ "అలాగేనండీ"కి ఆ రోజంతా సిగ్గుపడ్డాను.

ఆయన కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరై, ఏలూరులో నీటి పరీక్షలు చేసే మా చిన్న ల్యాబ్‌కి ఇన్‌ఛార్జిగా ఉండేవారు. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం అదే. కాన్వెంటులో నేర్చుకున్నవాటిలో నాకు బాగా వంటబట్టింది మౌనం. వారం రోజులు చూసి ఆయన, "ఏవండీ అమ్మాయిగారూ, మాట్లాడతారా, లేక అన్నీ రాసే చూపిస్తారా?" అన్నారు. నేను తల ఊపాను. దేనికి ఊపానో ఇద్దరికీ తెలియలేదు.

తాడేపల్లిగూడెం శివార్లలో, కొల్లేటి చేపల లారీలు ఆగే ఒక పాత షెడ్డులో భూమిలో ఉన్న ట్యాంకు చిల్లిపడి డీజిలు కారింది. పక్క వీధి నూతుల్లో నీళ్ళు వాసన వేశాయి. నూతులకి ఎర్ర రంగు పూసి మూసేశారు. చేపల చెరువుల మీద పనికెళ్ళే ఆడవాళ్ళు ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి కూర్చునేవారు. ట్యాంకరు ఆలస్యమైతే ఆ రోజు పని పోయినట్టే.

డీజిల్ని తినే బాక్టీరియా ఆ మట్టిలోనే ఉంది. గాలీ, కాస్త ఎరువూ అందిస్తే అదే పెరిగి నీటిని శుభ్రం చేస్తుంది. మాస్టారు బోర్లు వేయించి ఆ ఏర్పాటు చేశారు. కాలుష్య నియంత్రణ అధికారులు అనుమతి ఇస్తూ షరతు పెట్టారు: పరీక్ష బోరులో నెలకోసారి తీసే శాంపిల్ వరసగా మూడుసార్లు బాగుంటేనే నూతులు తెరవాలి.

వీధిలో అందరూ మామ్మ అని పిలిచే పెద్దావిడ మాస్టారిని వదిలేది కాదు.

"పురుగులకి యూరియా ఏస్తున్నారంట! మా మరిది చేలోకి దొరక్క తిరుగుతున్నాడండి."

"అవి మన కూలీలండీ మామ్మగారూ. తిండి పెట్టకుండా పని ఎలా చెబుతాం?"

"ఇంత నెమ్మదిగా చేసే కూలీల్ని మేమైతే మాన్పించేస్తాం."

మొదటి రెండూ బాగా వచ్చాయి. మూడో శాంపిల్ రోజు నేను బోరు మూత తాళం తీసి, పాత నీళ్ళు తోడేసి, సీసాలు తేవడానికి పక్కకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మామ్మ బ్లీచింగ్ కలిపిన నీళ్ళు బిందెతో బోరులో పోస్తోంది. "పెద్దాఫీసరుగారొస్తుంటే నీళ్ళు శుభ్రంగా ఉండొద్దా అమ్మా" అంది. వరదలొచ్చినప్పుడల్లా నూతుల్లో బ్లీచింగ్ చల్లడం అందరికీ అలవాటే. వాకిలి ఊడ్చినంత మామూలుగా పోసింది. "మామ్మగారూ..." అన్నాను. జీపు వచ్చింది. నేను సీసాలు అందించాను, శాంపిల్ తీశారు.

ఫలితం బాగుందని వచ్చింది. వీధిలో లడ్డూలు పంచారు.

జరిగినదంతా కాగితం మీద రాసి మాస్టారి బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. "రాత బాగుంది. ఇప్పుడిది ఆ అధికారికి నోటితో చెప్పాలి. నేను పక్కనుంటాను."

"నూతులు తెరవరు కదండీ?"

"తెరవరు." తరవాత, తివాచీలు నేసిన తన తండ్రి గురించి చెప్పారు. "వరసలో ఒక ముడి తప్పితే, పైన ఎంత నేసినా అక్కడిదాకా విప్పేవారు. తిట్టుకుంటూ విప్పేవారు. కానీ విప్పేవారు."

చెప్పాను. నోటితోనే, చివరిదాకా. లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది.

వీధివాళ్ళు మాస్టారిని చుట్టుముట్టారు. "కాయితం మంచిదని వచ్చాక నోటి దగ్గర నీళ్ళు లాక్కుంటారా?" ఆయన ఎండలో అలాగే నిలబడ్డారు. "తిట్టండి. కానీ ఆ శాంపిల్‌లో వచ్చింది బోరు నీళ్ళు కావు, పైనుంచి పోసినవి. కిందేముందో తెలియకుండా మీ పిల్లల చేత తాగించలేను." ఎవరు పోశారో చెప్పలేదు. మామ్మే ముందుకొచ్చింది: "పోసింది నేనేనండి." మర్నాటి నుంచి బోరు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. మేకని కూడా దగ్గరికి రానివ్వలేదు.

మాస్టారు నోటుబుక్కులో తప్పు అంకెని ఒక్క గీతతో కొట్టేసేవారు, చెరిపేవారు కాదు. "తప్పు కూడా కనపడాలమ్మా" అనేవారు. ఆ మూడో శాంపిల్ పేజీలో అలాంటి గీత ఒకటి ఉంది. పక్కన ఆయన సంతకం, కింద నాది.

కొత్త లెక్కలో రెండు బాగా వచ్చాయి. మూడోదానికి వారం ఉందనగా ఆయన పోయారు. అధికారి ఫోన్ చేసి, "ఇన్‌ఛార్జి లేరు కదా, వచ్చే నెలకి వాయిదా వేద్దామా?" అని అడిగారు.

"వద్దండీ. నేను తీస్తాను. మీరు రండి" అన్నాను.

నిన్న వెళ్ళాను. "సారు రాలేదేంటమ్మా?" అంది మామ్మ. చెప్పాను. చాలాసేపు అటు తిరిగి కూర్చుంది. తరవాత లేచి స్టూలు పక్కకి జరిపింది.

పాత నీళ్ళు తోడేసి, సీసాని అంచుదాకా నింపి మూత బిగించాను. లోపల గాలిబుడగ మిగిలితే డీజిలు ఆవిరి దాంట్లోకి పోయి ఫలితం తప్పుతుంది. అందుకే సీసాని తిరగేసి వెలుతురులో చూడాలి. అధికారి చూశారు. నేనూ చూశాను. బుడగ లేదు. ఆ నీళ్ళలోంచి ఎర్ర నూతిగోడ, ఖాళీ బిందెల వరస, వాటి పక్కన మామ్మ, చాలా చిన్నగా, కదలకుండా కనిపించారు.